తాళం వేసిన ఇంటి జనాభా

కేంద్ర కారాగారం, కడప
ఏప్రిల్ 19

టీచరక్కకు,

అయ్యన్న నమస్కారాలు. నా దగ్గరి నుంచి జాబు రావడం మీకు వింతగానే ఉంటుంది. పదేళ్లు గోడకు గోడ ఆనుకుని బతికినవాళ్లం, జాబులు రాసుకునే అవసరం మనకు ఎప్పుడు వచ్చింది గనక. ఇక్కడ ఫోను వారానికోసారి ఇస్తారు, అదీ నా పెండ్లాము గంగక్క నంబరుకే. ఆ ఫోనులో ఛార్జింగు ఉన్న రోజు నాకు పండగ.

ఇక్కడ పేపరు వస్తుంది. జనాభా లెక్కలు మొదలవుతున్నాయని, టీచర్లే ఇల్లిల్లూ తిరుగుతారని చదివాను. మన బూదిగుంటకు మీరే కదా. పోయినసారి లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మేమంతా గుంటూరు దిక్కు మిరపకోతల్లో ఉన్నాం. తిరిగి వచ్చి చూస్తే తలుపు మీద సుద్దతో గీసిన నంబరు ఉంది, అంతే. అప్పుడు నాకు పెండ్లి కాలేదు. నవ్వుకుని తుడిపేశాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

గట్టు తగాదాలో నా చేతి కట్టె తగిలి ఒక మనిషి పోయాడు. ఏడేళ్లు వేశారు. దాని గురించి నేనేమీ అనను. నా బిడ్డ శివాని గురించే నా దిగులంతా. ఏడో తరగతికి వచ్చింది. ఈ ఏడు కోతలకు దాన్ని పోనివ్వకండి. మీరు బడిలోనే పట్టి ఉంచితే చాలు. నా ఇంట్లో మనుషులున్నారని, చదువుకునే బిడ్డ ఒకటి ఉందని ఈసారైనా రాయండి.

మీ
అయ్యన్న


బూదిగుంట, కోసిగి మండలం
మే 24

తమ్ముడు అయ్యన్నకు,

నీ జాబు ఆలస్యంగా అందింది. మన పోస్టుమన్ ఎండ తగ్గితే గానీ సైకిలు బయటికి తీయడు.

మీ ఇంటి తలుపు మీద నంబరు నేనే వేశాను. ఇది మొదటి విడత. ఇప్పుడు ఇండ్లు మాత్రమే లెక్క. గోడ దేనితో కట్టారు, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, టీవీ ఉందా అని అడుగుతాం. మనుషుల లెక్క ఫిబ్రవరిలో. మీ అమ్మ సోమక్క నంబరు కింద పసుపు రాసి బొట్టు పెట్టింది. మళ్లీ ఎవరూ తుడపకుండా అంట.

శివాని రోజంతా నా వెంటే తిరిగింది. గొడుగు పట్టింది, లెక్కలు ఎక్కించే నా ఫోను పట్టింది, సిగ్నలు కోసం నాకంటే ముందే మిద్దె ఎక్కింది. పోయిన లెక్కలు అయ్యాక పుట్టింది కదా, మధ్యలో రావలసినవి కరోనాతో ఆగిపోయాయి. ఆ సంగతి చెబితే వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది. "అట్లయితే నా ఈడు పిల్లోళ్లు ఎవురూ లెక్కలోనే లేరు కదా మేడం" అంది. అవునన్నాను.

ఈ లెక్కలు ఎందుకని కూడా అడిగింది. మాకు ట్రైనింగులో చెప్పిందే చెప్పాను. ఎంతమంది ఉన్నారో తెలిస్తేనే ఎన్ని బళ్లు కావాలో, ఎన్ని నీళ్లు కావాలో, అసెంబ్లీలో ఎన్ని సీట్లో తేలుతుందని. పాత సంగతి కూడా ఒకటి చెప్పాను. ఇంగ్లీషువాళ్లు 1871లో మన కర్నూలు జిల్లాలో తలలు లెక్కపెట్టారు. మళ్లీ పదేళ్లకు లెక్కపెడితే దాదాపు నాలుగో వంతు మనుషులు లేరు. మధ్యలో ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. అంతమంది చచ్చిపోయారని ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసింది అని చెప్పాను. నీ కూతురు నా మొహంలోకి చూసి, "వాళ్లు సచ్చిపోయినారని ఎట్ల తెలుసు మేడం? సుగ్గికి పోయింటారేమో" అంది.

నేను ఎర్రగుంట్ల మనిషిని. సిమెంటు ఫ్యాక్టరీ సైరను వింటూ పెరిగినదాన్ని. పైరు పోగానే ఊరు ఊరంతా తాళాలు వేసి కోతలకు లేచిపోవడాన్ని సుగ్గి అంటారని ఈ ఊరు వచ్చాకే తెలిసింది. ఆ పిల్లను వెంటబెట్టుకుని తరువాతి ఇంటికి నడిచాను.

నువ్వు దిగులు పెట్టుకోకు. సుగ్గికి పోయేవాళ్ల పిల్లల కోసం మన బడిలోనే హాస్టలు తెరుస్తారు. శివాని అందులో ఉంటుంది. అది నా పూచీ.

ఆశీస్సులతో
ప్రమీలారాణి


కడప
అక్టోబరు 12

టీచరక్కకు,

మీ జాబు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. సుగ్గికి పోయింటారేమో అన్న మాట పక్క బ్యారక్కువాళ్లకు కూడా చదివి వినిపించాను. నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఆయనది పత్తికొండ, అదీ సుగ్గికి పోయే సీమే.

ఇక్కడ లెక్కకు కొదవ లేదు. పొద్దున తలుపు తీస్తూనే గింతీ, సాయంత్రం మూసేముందు గింతీ. ఒక తల తక్కువైతే జైలంతా నిలబెట్టి మళ్లీ లెక్కిస్తారు. బయట ఉన్నప్పుడు నేను ఉన్నానో లేనో అడిగినవాడు లేడు. ఇప్పుడు నేను కనబడకపోతే విజిలు మోగుతుంది.

ఒక సందేహం. ఫిబ్రవరిలో మీరు మా ఇంటికి పోయినప్పుడు నా పేరు కూడా రాస్తారా? ఇంటి పెద్ద అని మొదట నా పేరు, తరువాత గంగి, శివాని, అమ్మ. అట్లా వరసగా ఉంటే చూసుకోవాలని ఉంది. చూపించరని తెలుసు. ఉంది అనుకుంటే చాలు.

వానలు లేవని గంగి ఫోనులో చెప్పింది. ఉల్లి పోయింది, పత్తి కూడా పోతాండాది అంది. హాస్టలు ఎప్పుడు తెరుస్తారు?

అయ్యన్న


బూదిగుంట
డిసెంబరు 20

తమ్ముడు అయ్యన్నకు,

ముందు నీ సందేహానికి జవాబు చెబుతాను. నీ పేరు మీ ఇంట్లో రాయడానికి వీల్లేదప్పా. జైలులో ఉన్నవాళ్లను జైలులోనే లెక్కిస్తారు. ఆసుపత్రి అయినా, హాస్టలు అయినా అంతే. లెక్క జరిగే ఫిబ్రవరి తొమ్మిది నుంచి ఇరవై ఎనిమిది దాకా మనిషి ఇంట్లో ఉండాలి. కనీసం ఒక్క రోజైనా ఉండాలి. అసలే లేకపోతే ఎక్కడ ఉంటే అక్కడ రాస్తారు. సుగ్గికి పోయినవాళ్లను చేలల్లో గుడారాల దగ్గర రాయాలి. గుడారాల దగ్గరికి ఎవరు పోతారు, ఎవరికి దారి తెలుసు, అది మాత్రం ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. అడిగితే, మీ బ్లాకు సంగతి మీరు చూసుకోండమ్మా అన్నారు.

ఈ లెక్క వల్ల ఏ ఒక్కరికీ కార్డు రాదు, కాగితం రాదు. ఎవరి పేరూ ఎవరికీ చూపరు. కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరాదు. ఊరంతా కలిపి ఒక అంకె అవుతుంది, అంతే. అందుకని దీని మీద మరీ ఆశ పెట్టుకోకు.

ఊళ్లో ఏమంత విశేషాలు లేవు. లారీలు వచ్చాయి. వీధిలో మా ఇంటి దీపం, మీ అమ్మ దీపం, రాములవారి గుడి దీపం, ఇవే ఉన్నాయి. మీ అమ్మ దగ్గర వీధి వీధంతా తాళంచెవులు ఇచ్చిపోయారు. కొంగున కట్టుకుని తిరుగుతోంది, ఆమె నడిస్తే ఎద్దు మెడలో గంటలు మోగినట్టుంటుంది. మీ మేక ఈనింది. నాకు మోకాళ్ల నొప్పులు. బడిలో నాలుగో తరగతికి మనిషే లేడు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

ప్రమీలారాణి


కడప
జనవరి 5

టీచరక్కా,

మేక ఈనిందని రాశారు. మీ మోకాళ్ల గురించి రాశారు. శివాని పేరు మాత్రం ఒక్క చోట కూడా లేదు. మూడు సార్లు చదివాను.

గంగి ఫోను పలకడం లేదు. నా బిడ్డ ఎక్కడుంది?

అయ్యన్న


బూదిగుంట
జనవరి 13

అయ్యన్నా,

నన్ను ఏమైనా అను, పడతాను. శివాని సుగ్గికి పోయింది.

ఈ ఏడు మన ఊరికి హాస్టలు ఇవ్వలేదు. పిల్లలు చాలినంతమంది లేరని కాగితం వచ్చింది. పిల్లలు సుగ్గికి పోవడం ఆపడానికే కదా హాస్టలు, అది లేక పిల్లలు పోతే, పిల్లలు లేరు కాబట్టి హాస్టలు వద్దంటారు. ఇదే మాట పైవాళ్లతో అన్నాను. వినడానికి ఎవరికీ తీరిక లేదు. నా ఇంట్లోనే పెట్టుకుంటానని గంగక్కను బతిమాలాను. "ఒక్కదాన్ని రెండు సాళ్లు యాడ కోసేదక్కా, బిడ్డ ఉంటే చేతికింద ఆసరా" అంది. ఆమె కండ్లలోకి చూసి కాదనలేకపోయాను. పోయిన నెల నీకు రాయడానికి కూచుని, మేక గురించి రాశాను.

లారీ ఎక్కే ముందు శివాని బడికి వచ్చింది. లెక్క తేదీలు చేతి మీద పెన్నుతో రాసుకుంది. ఒక్క రోజు ఉన్నా రాస్తారా అని అడిగింది. ఒక్క రోజు చాలే, వచ్చి నా ముందర నిలబడు, అందరికంటే ముందు నిన్నే రాస్తా అన్నాను. ఊరికే అన్నానప్పా. ఏడవకుండా లారీ ఎక్కుతుందని అన్నాను.

గంగక్క లోపలి గదికి తాళం వేసి పోయింది, మీ అమ్మ ముందు వసారాలోనే ఉంటోంది. రోజూ ఆ తాళం చూస్తూ బడికి పోతున్నాను. నాకు చాలా బాధగా ఉంది.

ప్రమీలారాణి


కడప
ఫిబ్రవరి 17

టీచరక్కకు,

మీ మీద కోపం వచ్చింది, పోయింది. కోపం పెట్టుకుని ఈ గోడల మధ్య ఏం చేసుకుంటాను. గంగి ఫోను మళ్లీ పలుకుతోంది. నిన్న శివానితో మాట్లాడాను. మిరప ఘాటుకు చేతులు మండుతున్నాయని, పేడ నీళ్లలో ముంచుకుంటున్నానని చెప్పింది. అది కూడా నవ్వుతూనే చెప్పింది.

నన్ను ఈ రోజు లెక్కించారు. టేబులు వేసుకుని ఒక సారు కూచున్నాడు. మర్యాదగానే అడిగాడు. ఎక్కడ పుట్టావు, ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉండేవాడివి, అక్కడి నుంచి ఎందుకు వచ్చావు. వలసకు కారణం ఏమిటని అట అది. పనికా, పెండ్లికా, చదువుకా అని వరసగా చదివాడు. ఏమని చెప్పేది? ఆయనే తల గోక్కుని, ఇతర కారణాలు అని వేసుకున్నాడు. జన్మంతా సుగ్గికి పోయినవాణ్ణి ఎవరూ వలస అని రాయలేదు. జైలుకు వస్తే రాశారు.

నన్ను రాశారు గనక ఇక మిగిలింది మీ చేతుల్లో ఉంది. వాళ్లు రాకపోయినా సరే, ఉన్నారని రాయండి. ఇంతకు ముందు మిమ్మల్ని లేనిది రాయమని అడగలేదు. ఒక్క శివానినైనా రాయండి అక్కా.

అయ్యన్న


బూదిగుంట
మార్చి 2

అయ్యన్నా,

నీకు ఈపాటికి జైలువాళ్లు చెప్పే ఉంటారు. చెప్పి ఉంటే ఈ జాబు ఇప్పుడు చదవకు. ఎప్పుడైనా చదవగలిగినప్పుడు చదువు.

మీ ఇంటికి పోయిన ప్రతిసారీ మీ అమ్మ నాకు అబద్ధమే చెప్పింది. "ఇంట్లోనే ఉండారు, ఇప్పుడే చేనికి పోయినారు, రాసుకో" అనేది. తాళం వేసిన ఇల్లు రాయకపోతే రేషను పోతుందని, ఇల్లు పోతుందని ఆమె భయం. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. నేను రాయలేదు. నీ జాబు చూశాక కూడా రాయలేదు. నాకు చేతకాదు.

ఇరవై ఏడో తేదీ సాయంత్రం శివాని ఫోను చేసింది. గంగక్కను కూలీల మేస్త్రీ వదలలేదట. మన వీధి రంగన్న వాళ్ల ఇంటిల్లిపాదీ వస్తుంటే, తల్లి లేకుండా వాళ్లతో బయలుదేరింది. మిరప బస్తాల లారీ. "లారీ ఎక్కినా మేడం, రేపటికి మీ ముందర ఉంటా, పేరు రాసేయండి" అంది. వెనకాల గాలి హోరు వినబడుతోంది. నాకు ఎంత సంతోషం వేసిందో నీకెట్లా చెప్పను. సోమక్క దగ్గరికి పరుగెత్తి, ఆమె ముందరే రాశాను. బోయ శివాని, ఆడ, పన్నెండేండ్లు, చదువుతున్నది. రేపు వస్తుంది కదా, అబద్ధం కాదు కదా అనుకున్నాను.

తెల్లవారుజామున మలుపులో లారీ ఒరిగింది. బస్తాలు మీద పడ్డాయి. రంగన్న చెయ్యి విరిగింది. శివానిని ఆసుపత్రికి తీసుకుపోయారు. గంగక్క వచ్చేదాకా ప్రాణం ఉంది. మధ్యాహ్నం పోయింది. ఒకటో తేదీన ఇంటికి తెచ్చారు. నిన్ననే మట్టి చేశాం. ఆ చేతి మీద పెన్ను గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి, మిరప మరకలే ఉన్నాయి.

ఇప్పుడు ఇంకొక మాట రాయాలి. మార్చి ఒకటి మొదలయ్యే ఘడియకు ప్రాణంతో ఉన్నవాళ్లే ఈ లెక్క. ఐదో తేదీలోగా మేము మళ్లీ ఇల్లిల్లూ తిరగాలి. ఆ ఘడియలోపు పుట్టినవాళ్లను చేర్చాలి, పోయినవాళ్లను తీసేయాలి. శివాని ఇరవై ఎనిమిదిన పోయింది. నీ మాట కోసం ఆగుదామన్నా జాబు పోయి వచ్చేసరికి గడువు దాటుతుంది. నా వేలు ఆడటం లేదు. నేను ఒక్క రోజు చాలని చెప్పి ఉండకపోతే ఆ పిల్ల అక్కడే ఉండేది, బతికి ఉండేది.

ప్రమీలారాణి


కడప
మార్చి 8

అక్కా,

మీ జాబు ఈ రోజు ఇచ్చారు. చెప్పారు, ముందే చెప్పారు. పోవడానికి అర్జీ పెట్టాను. అనుమతి వచ్చేసరికి మీరు మట్టి చేసేశారు.

మీరు అన్న మాటకు అది లారీ ఎక్కలేదు. పదహారో తేదీ ఫోనులో గంగికి నేనే చెప్పాను, బిడ్డను లెక్కల కోసం పంపించు అని. గంగి వద్దంది. ఒక్కదాన్ని పంపలేనంది. నేను గట్టిగా అరిచాను. మరుసటి రోజు మీకు జాబు రాస్తూ ఆ మాట దాచాను. మీరు పట్టు మీద ఉండి రాయకపోయినా, అది వచ్చి నిలబడితే రాయక తప్పదు కదా అనుకున్నాను. అట్లా నా బిడ్డను నేనే పిలిపించుకున్నాను.

గడువు దాటిపోయింది, తెలుసు. మీ వేలు ఆడలేదని రాశారు, ఆ ఒక్క మాట పట్టుకుని ఇది రాస్తున్నాను. ఆడకపోయి ఉంటే బాగుండు. దాని పేరు ఉండనివ్వండి. పదేళ్లకు ఇంకొక టీచరు వస్తుంది. లెక్క పెడుతుంది. మన ఊళ్లో ఒకరు తగ్గుతారు. ఈ పిల్ల ఏమైంది, ఎక్కడికి పోయింది అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇక్కడ ఒక తల తక్కువైతే విజిలు వేస్తారు కదా అక్కా. దానికి కూడా ఒక్కసారి వేయాలి.

ఉంచారని రాయండి.

అయ్యన్న


బూదిగుంట
మార్చి 15

అయ్యన్నా,

నీ జాబు నిన్న అందింది.

ఐదో తేదీ, ఆఖరు రోజు, మీ ఇంటికి పోయాను. మీ అమ్మ గడప మీద కూచుని ఉంది. పోయిన నెలలో అడిగినట్టే అడగాలి కదా, ఇంట్లో ఎవరెవరున్నారు సోమక్కా అని అడిగాను. అప్పుడు చెప్పినట్టే చెప్పింది. "శివాని ఉండాది. నీళ్లకు పోయినాది. రాసుకో." ఆమె మతి పోలేదు. నేను తీసేయడానికి వచ్చానని ఆమెకు తెలుసు. ఈసారి నా చెయ్యి పట్టుకుని, "రాసుకోమ్మా" అంది.

ఆ చెయ్యి విడిపించుకుని, ఆమె చూస్తుండగానే తీసేశాను. నాకు వేరే దారి తెలియలేదప్పా. ఇరవై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను, తప్పు లెక్క ఇవ్వలేకపోయాను. తీసేయమంటారా అని ఫోను ఇంకోసారి అడిగింది. అవునని నొక్కాను.

గంగక్క ఆ ఇరవై ఎనిమిదిన ఆసుపత్రి వరండాలో ఉంది, ఆమెను ఎవరూ రాయలేదు. గుడారాల దగ్గరికి కూడా ఎవరూ రాలేదట. మట్టి చేసిన మూడో రోజు మళ్లీ కోతలకు పోయింది. ఈ ఇంట్లో ఉండలేనంది. తాళంచెవి సోమక్కకు ఇవ్వకుండా, తాళం వేయకుండానే పోయింది.

నువ్వు అడిగిన విజిలు మోగదు. ఉన్నారని రాసుకున్న మనిషి లేకపోతేనే తగ్గినట్టు తెలుస్తుంది. పోయిన లెక్కలో శివాని లేదు, ఈ లెక్కలో లేదు, పదేళ్ల తరువాత కూడా ఉండదు. మూడు లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినా మన ఊళ్లో ఎవరూ తగ్గినట్టు కనబడదు. ఆ రోజు ఎండలో నా గొడుగు పట్టుకుని అది అడిగిన మాటకు జవాబు ఇదే, నాకు ఇప్పుడు తెలిసింది.

తలుపు మీద నంబరు, పసుపు అట్లాగే ఉన్నాయి. మీ ఇంటి జనాభా ఒకరు.

ప్రమీలారాణి